బో షాక్ దాటాక అయాన్లు అంత వేడెక్కుతుంటే ఎలక్ట్రాన్లు ఇంతేనా?

తోకచుక్క అడిగారు:

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి భూమి బో షాక్, అంటే వేగంగా వచ్చే సౌర పవనం భూమి అయస్కాంత క్షేత్రం ముందు ఒక్కసారిగా నెమ్మదించే పొర, తీసుకున్నాను. నాసా వాళ్ల ఎంఎంఎస్ ఉపగ్రహాలు నాలుగూ సౌర పవనంలోంచి షాక్ వెనక ఉండే మాగ్నెటోషీత్‌లోకి దాటిన ఘట్టం ఒకటి ఎంచుకుని, డేటా దించుకుని ప్లాట్లు వేస్తున్నాను. అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా లేచింది, సాంద్రత లేచింది, వేగం పడిపోయింది. ఇక్కడిదాకా పుస్తకంలో చెప్పినట్టే ఉంది.

నన్ను పట్టుకున్నవి అడుగున ఉన్న రెండు గీతలు. అయాన్ల ఉష్ణోగ్రత షాక్ దాటగానే రెండు మూడు వందల ఎలక్ట్రాన్ వోల్టులకి (ప్లాస్మాలో ఉష్ణోగ్రతని శక్తి కొలతలోనే చెబుతారు) ఎగబాకింది. ఎలక్ట్రాన్లది పన్నెండు దగ్గర మొదలై యాభై దగ్గర ఆగిపోయింది. రెండూ ఒకే షాక్ దాటాయి, ఒకే చోట ఉన్నాయి, సంఖ్యలో కూడా సమానం. మరి ఇంత తేడా ఏమిటి?

మామూలు గాలిలో షాక్ అయితే అణువులు ఒకదానితో ఒకటి ఢీకొని శక్తి పంచుకుంటాయి. ఇక్కడ ఆ పని జరగదని తెలుసు. సౌర పవనంలో ఒక కణం ఇంకో కణంతో సరిగ్గా ఢీకొనాలంటే సుమారు సూర్యుడికీ భూమికీ మధ్య ఉన్నంత దూరం ప్రయాణించాలి. షాక్ మందం చూస్తే వందల కిలోమీటర్ల లెక్క. అంటే ఢీకొనడం అనే మాటే లేదు. అలాంటప్పుడు ఎలక్ట్రాన్లకి వాటి వాటా ఎవరు ఇస్తున్నారు? ఎవరూ ఇవ్వకపోతే అసలు వేడెక్కకూడదు. ఎవరో ఇస్తుంటే సగం ఎందుకు ఇవ్వడం లేదు?

ఇంకో లెక్క కూడా వేసుకున్నాను. సెకనుకి 400 కిలోమీటర్ల వేగంతో వచ్చే ప్రోటాన్ గతిశక్తి సుమారు 835 ఎలక్ట్రాన్ వోల్టులు. అదే వేగంతో వచ్చే ఎలక్ట్రాన్‌ది అర వోల్టు కూడా లేదు, 0.45. కాబట్టి ఎలక్ట్రాన్లు తమతో తెచ్చుకున్న గతిశక్తి వల్ల వేడెక్కడం అనేది అసాధ్యం. వాటికి వచ్చిన ప్రతి వోల్టూ అయాన్ల జేబులోంచి రావాలి.

మా గైడ్ గారిని అడిగితే క్రాస్ షాక్ పొటెన్షియల్ గురించి చదువు అన్నారు. చదివాను. షాక్‌కి అడ్డంగా విద్యుత్ పొటెన్షియల్ తేడా ఉంటుంది, అది అయాన్లని ఆపుతుంది, ఎలక్ట్రాన్లని లోపలికి లాగి వేగం పెంచుతుంది. సరే. కానీ వేగం పెంచడం వేరు, వేడి చేయడం వేరు కదా? అన్ని ఎలక్ట్రాన్లకీ ఒకే శక్తి కలిపితే అవి కలిసికట్టుగా వేగంగా పోతాయి, వాటి ఉష్ణోగ్రత ఎందుకు పెరగాలి? ఇక్కడ ఆగిపోయాను. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

---

లెక్కలపంతులు:

ముందు మొత్తం ఎంత ఉందో చూసుకుంటే వాటాల సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

బలమైన షాక్ అనుకుందాం. సాంద్రత గరిష్ఠంగా 4 రెట్లు అవుతుంది, వేగం నాలుగో వంతుకి పడుతుంది. గతిశక్తి పదహారో వంతు మిగులుతుంది. అంటే మీ 835లో సుమారు 783 ఎలక్ట్రాన్ వోల్టులు ప్రవాహంలోంచి పోయాయి. అది ఎంథాల్పీగా, అంటే వేడీ పీడనమూ కలిసిన శక్తిగా మారాలి. అయాన్, ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతల మొత్తాన్ని రెండున్నరతో గుణిస్తే 783 రావాలి. అంటే రెండు ఉష్ణోగ్రతలూ కలిపితే దాదాపు 310. మీ ప్లాట్‌లో అయాన్లు 250 చుట్టుపక్కల, ఎలక్ట్రాన్లు 50 అన్నారు కాబట్టి ఖాతా సరిపోయింది. దీంట్లో ఎవరికెంత అనేది ర్యాంకిన్ హ్యూగోనియో సమీకరణాలు చెప్పవు. అవి ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, శక్తి మొత్తాలు సరిపోయాయా అని మాత్రమే చూస్తాయి. సగం సగం పంచినా వాటికి అభ్యంతరం లేదు, మొత్తం అయాన్లకే ఇచ్చినా లేదు.

ఇంకో మాట. వేడి ఎక్కడిదని వెతికే ముందు కుదింపు వల్ల వచ్చిన భాగాన్ని పక్కన పెట్టండి. సాంద్రత 3 రెట్లు అయితే, ఏ అదనపు ప్రక్రియా లేకుండా అడియబాటిక్‌గా, అంటే బయటి వేడి కలవకుండా, కుదించినా ఉష్ణోగ్రత రెండు రెట్లు దాటుతుంది. 12 కాస్తా 25 అవుతుంది. 4 రెట్లు అయితే 30 అవుతుంది. మీ ఎలక్ట్రాన్లు 50కి వచ్చాయి. కాబట్టి పెరుగుదలలో మూడో వంతు నుంచి సగం దాకా కుదింపు ఖాతాలోకే పోతుంది. మిగిలినదానికి మాత్రం కారణం వెతకాలి. అయాన్ల సంగతి అలా కాదు, వాటి 250లో కుదింపు వాటా చాలా చిన్నది.

---

తోకచుక్క:

పంతులు గారూ, ధన్యవాదాలు. 310 సంగతి చూశాక కొంత స్థిమితపడ్డాను. నా ఘట్టంలో సాంద్రత మూడు రెట్ల కంటే కొంచెం ఎక్కువ. కుదింపు తీసేసినా ఇంకా ఇరవై పైన మిగులుతోంది. దాని గురించే నా అసలు ప్రశ్న. పొటెన్షియల్ వేగం పెంచితే అది వేడి ఎలా అవుతోంది?

---

విస్లర్:

మీ ప్రశ్న సరైన చోట పడింది. ఉపగ్రహాల ఎలక్ట్రాన్ డేటాతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇప్పటికీ కొత్త షాక్ ఘట్టం చేతికొస్తే నేను మొదట చూసేది ఈ సంగతే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొదట ఎలక్ట్రాన్ కళ్లతో షాక్‌ని చూడండి. పది ఎలక్ట్రాన్ వోల్టుల ఉష్ణోగ్రత దగ్గర ఎలక్ట్రాన్ ఉష్ణ వేగం సెకనుకి దాదాపు 1900 కిలోమీటర్లు. సౌర పవనం వేగం 400. అంటే ప్రోటాన్లకి సౌర పవనం సూపర్‌సోనిక్ గానీ, ఎలక్ట్రాన్లకి కాదు. అవి అన్ని దిక్కులా పరిగెడుతూనే ఉంటాయి. షాక్ వెనక కుదించుకుపోయి వేడెక్కిన ఎలక్ట్రాన్లకి ఎదురెళ్లి సౌర పవనంలోకి పారిపోయే స్తోమత పుష్కలంగా ఉంది. అలా పోనిస్తే వెనక ధనావేశం మిగిలిపోతుంది. ప్లాస్మా దాన్ని ఒప్పుకోదు. అందుకే షాక్ నిలువు పొరలో విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది, సూర్యుడి వైపు చూస్తూ. ఆ క్షేత్రం ఎలక్ట్రాన్లని లోపలికి లాగి పట్టుకుంటుంది, వచ్చే అయాన్లకి ఎదురు నిలిచి వేగం తగ్గిస్తుంది. మీ గైడ్ గారు చెప్పిన పొటెన్షియల్ ఇదే. ఎలక్ట్రాన్ల పీడనమే దాన్ని పుట్టించింది, మళ్లీ అదే ఎలక్ట్రాన్లకి శక్తినిస్తుంది. ఈ రెండూ విడదీయలేని జంట.

ఇప్పుడు "సగం ఎందుకు ఇవ్వడం లేదు" అన్నదానికి వద్దాం. షాక్ ముందు నిలబడి, పవనం సూటిగా ఎదురొచ్చేట్టు చూస్తే ఆ పొటెన్షియల్ వందల వోల్టులు ఉంటుంది. అయాన్లు నిజంగానే అంత కోల్పోతాయి. అదే మొత్తం ఎలక్ట్రాన్లకి దక్కితే వాటి ఉష్ణోగ్రత వందల్లో ఉండాలి. దక్కదు. ఎందుకంటే షాక్ పొరలో ఎలక్ట్రాన్లు సూటిగా వెళ్లవు, షాక్ ముఖం వెంట పక్కకి కూడా జరుగుతాయి. సౌర పవనం అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తుంది కాబట్టి ఆ పక్క దిశలో ఇంకో విద్యుత్ క్షేత్రం ఉంటుంది. పక్కకి జరగడంలో ఎలక్ట్రాన్లు దాని మీద పని చేసి, వచ్చినదాంట్లో ఎక్కువ భాగం తిరిగి ఇచ్చేస్తాయి. షాక్ ముఖం వెంట సరైన వేగంతో కదులుతూ చూస్తే ఆ పక్క క్షేత్రం మాయమవుతుంది, పవనం అయస్కాంత రేఖల వెంటే వస్తున్నట్టు కనబడుతుంది. దీన్ని డీ హాఫ్‌మన్ టెల్లర్ ఫ్రేమ్ అంటారు. అందులో మిగిలే పొటెన్షియల్ కొన్ని పదుల వోల్టులు, గట్టి షాక్ అయితే వంద, ఆ పైన. ఎలక్ట్రాన్‌కి చివరికి చేతికందే శక్తి ఇదే. ఈ రెండు పొటెన్షియళ్ల తేడాని 1984లో గుడ్‌రిచ్, స్కడర్ విప్పి చెప్పారు. అంతకుముందు అయాన్లని ఆపే వోల్టులు ఇన్నుంటే ఎలక్ట్రాన్లకి ఇంతే ఎందుకు అన్నది అందరినీ తికమక పెట్టిన విషయమే.

అయాన్లు మరి అంత ఎలా వేడెక్కాయి? వాటిది వేరే దారి. కొన్ని అయాన్లు షాక్ దగ్గర వెనక్కి మళ్లి, అయస్కాంత క్షేత్రంలో ఓ చుట్టు తిరిగి, ఎక్కువ శక్తితో మళ్లీ లోపలికి వస్తాయి. అసలు పుంజమూ ఇవీ కలిసి వేగాల్లో పెద్ద చెదురు తెస్తాయి. క్షేత్రం 5 నానోటెస్లా ఉంటే ప్రోటాన్ తిరిగే చుట్టు వ్యాసార్ధం 800 కిలోమీటర్ల పైన. దాని ముందు షాక్ పొర పల్చటి తెర. పది వోల్టుల ఎలక్ట్రాన్ చుట్టు వ్యాసార్ధం 2 కిలోమీటర్లే. దానికి అదే షాక్ ఓ పెద్ద ఏటవాలు, నెమ్మదిగా ఎక్కి దిగినట్టు దాటుతుంది. అయాన్ తట్టుకుని చెదిరిపోతుంది, ఎలక్ట్రాన్ ఒదిగి పోతుంది. ఈ ఒక్క తేడాలో మీ ప్రశ్నకి సగం జవాబు ఉంది.

ఇక మిగతా సగం, మీరు ఆగిపోయిన చోటు. పొటెన్షియల్ వల్ల వచ్చే శక్తి దానంతట అది వేడి కాదు. మీరన్నది అక్షరాలా నిజం. ఒకే ఎత్తు మీంచి గోళీలు దొర్లించండి, కింద అన్నీ అంతే శక్తి అదనంగా పుంజుకుంటాయి, అదే ఏటవాలు మీద వెనక్కి పంపితే మొదటి స్థితికే వస్తాయి. వెనక్కి మళ్లించగలిగినది ఏదైనా ఎంట్రోపీ పెంచదు.

మరి ఉపగ్రహం ఏం చూస్తుంది? మీ ప్రాజెక్టులో ఉష్ణోగ్రత గీత ఒక్కటే కాకుండా ఎలక్ట్రాన్ల వేగాల పంపిణీ వేసి చూడండి, అక్కడే కథంతా ఉంది. అడ్డంగా శక్తి, నిలువుగా ఫేజ్ స్పేస్ సాంద్రత (ఒక చోట, ఒక వేగం దగ్గర ఎన్ని కణాలున్నాయో), రెండూ లాగ్ స్కేల్‌లో. షాక్ ముందు, అంటే సౌర పవనంలో, మధ్యలో గుట్టలా ఓ కోర్, దాని చుట్టూ వేడిగా, పల్చగా హాలో. షాక్ దాటాక ఆ గుట్ట తల కోసేసినట్టు చదునవుతుంది. కొన్ని పదుల ఎలక్ట్రాన్ వోల్టుల దాకా గీత దాదాపు అడ్డంగా సాగి, ఆ తర్వాత నిటారుగా పడుతుంది. దీన్ని ఫ్లాట్ టాప్ అంటారు. 1977లో పంపిన ఐసీ (ISEE) జంట ఉపగ్రహాల డేటాలో ఫెల్డ్‌మన్ బృందం 1980ల మొదట్లోనే దీన్ని వివరంగా చూపించింది.

ఎందుకలా అవుతుందో ఒక ఎలక్ట్రాన్ వెంట నడిచి చూద్దాం. సౌర పవనం వైపు నుంచి వచ్చే ప్రతి ఎలక్ట్రాన్‌కీ పొటెన్షియల్ ఓ 60 వోల్టులు కలిపింది అనుకోండి. అప్పుడు షాక్ వెనక 60 కంటే తక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్ సౌర పవనం నుంచి వచ్చే అవకాశమే లేదు. ఆ ప్రాంతం ఖాళీగా ఉండాలి. లియోవిల్ సిద్ధాంతం ప్రకారం కణం దారి వెంట ఫేజ్ స్పేస్ సాంద్రత మారదు. కాబట్టి లెక్క ప్రకారం మీకు కనబడాల్సింది మధ్యలో పెద్ద గొయ్యి, దాని అంచున లోపలికి దూసుకుపోతున్న పుంజం. అంచున మాత్రం అది కనబడుతుంది కూడా. ఎంఎంఎస్ ఎలక్ట్రాన్ పరికరం 30 మిల్లీసెకన్లకి ఒక పూర్తి పంపిణీ తీస్తుంది. నిటారు పొర మధ్యలో తీసిన వాటిలో అయస్కాంత రేఖ వెంట లోపలికి పోయే ఎలక్ట్రాన్ల పుంజాన్ని మీరే చూడొచ్చు. ఆ పొరని దాటేసరికి పుంజం కరిగిపోయి, ఖాళీ నిండిపోయి ఉంటుంది.

నింపింది తరంగాలు. పుంజం ఉన్నచోట ప్లాస్మా అస్థిరమవుతుంది. అయాన్ అకౌస్టిక్ రకం (ప్లాస్మాలో ధ్వని లాంటి) తరంగాలు, ఒంటరి విద్యుత్ బుడగల్లాంటి నిర్మాణాలు, విస్లర్ తరంగాలు పుట్టుకొస్తాయి. నా పేరు వీటి మీద ఇష్టంతో పెట్టుకున్నదే. ఇవి ఎలక్ట్రాన్లని వేగంలోనూ దిశలోనూ చెదరగొట్టి పంపిణీని సమం చేస్తాయి. ఒకసారి చెదిరాక వెనక్కి మళ్లించలేరు. వేడి అయ్యేది ఆ క్షణాన.

అందుకని నా లెక్కలో పని రెండుగా విడిపోతుంది. ఎంత వేడెక్కాలి అన్నది నిలకడ క్షేత్రాలు నిర్ణయిస్తాయి. ఆ శక్తిని నిజమైన వేడిగా మార్చేది తరంగాలు. ఫ్లాట్ టాప్ అంచు ఏ శక్తి దగ్గరుందో చదివితే డీ హాఫ్‌మన్ టెల్లర్ పొటెన్షియల్ ఎంతో దాదాపుగా తెలిసిపోతుంది. తరంగాలు పొటెన్షియల్‌తో పొత్తు లేకుండా సొంతంగా వేడి చేస్తుంటే ఆ అంచు అంత చక్కగా నిలబడేది కాదు. తరంగాలకి ఇంకా పెద్ద పీట వేయాలనే వాళ్లూ ఉన్నారు. ఎంఎంఎస్ చూపించిన చిన్న చిన్న విద్యుత్ నిర్మాణాల బలం చూస్తే వాళ్ల వాదన తీసిపారేసేది కాదు. ఆ పెద్ద పొటెన్షియల్ ఒక్క ఏటవాలుగా ఉందా, లేక ఎన్నో చిన్న మెట్ల మొత్తమా అన్నదాని మీద ఇప్పుడు గట్టి చర్చ నడుస్తోంది.

ఒక కొలత చెప్పి ముగిస్తాను. 2011లో ష్వార్ట్జ్ బృందం క్లస్టర్ ఉపగ్రహాల డేటాతో చూపించింది: ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత పెరుగుదలలో సగం, కొన్ని ఎలక్ట్రాన్ ఇనర్షియల్ పొడవుల (ప్లాస్మా సాంద్రతని బట్టి వచ్చే సహజ కొలత) మందం ఉన్న పొరలోనే జరిగిపోతోంది. ఘన సెంటీమీటరుకి 5 కణాలుంటే ఆ ఒక్కో పొడవు 2.4 కిలోమీటర్లు. అంటే పది ఇరవై కిలోమీటర్ల మందం. షాక్ సెకనుకి పదుల కిలోమీటర్ల వేగంతో ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉపగ్రహం మీంచి పోతుంది కాబట్టి ఆ పొర దాటడానికి ఒక సెకను కూడా పట్టకపోవచ్చు. మీ ప్లాట్‌లో ఆ సెకనుని పెద్దది చేసి చూడండి.

---

శనివలయం:

విస్లర్ గారు భూమి దగ్గరి సంగతి చెప్పారు, నేను శని దగ్గరి సంగతి కలుపుతాను. నాకు ఇష్టమైన షాక్ అది.

శని సూర్యుడికి భూమి కంటే తొమ్మిదిన్నర రెట్లు దూరం. అక్కడికి చేరేసరికి సౌర పవనం పల్చబడి, అయస్కాంత క్షేత్రం అర నానోటెస్లా దాకా తగ్గిపోతుంది. వేగం మాత్రం పెద్దగా తగ్గదు. అందువల్ల అక్కడ ఆల్ఫ్వెన్ మాక్ సంఖ్య (ప్లాస్మాలో అయస్కాంత తరంగాల వేగానికి పవనం వేగం ఎన్ని రెట్లో) చాలా పెరుగుతుంది. భూమి దగ్గర సాధారణంగా పది లోపే చూస్తాం. కాసినీ నౌక 2004 నుంచి 2017 దాకా అక్కడ తిరుగుతూ ఎన్నోసార్లు బో షాక్ దాటింది. మాస్టర్స్ అనే శాస్త్రవేత్త బృందం 2005, 2007 సంవత్సరాల్లోని 94 దాటింపులు తీసుకుని ఎలక్ట్రాన్ వేడి లెక్కగట్టింది. ఆ రెండేళ్లే ఎందుకంటే, కాసినీ చూస్తున్న దిక్కు వల్ల షాక్ ముందు అయాన్ల కొలత సరిగ్గా దొరికేది కాదు. భూమి దగ్గర కొలిచిన పవనాన్ని మోడల్‌తో శని దాకా నడిపించి వేగం అంచనా వేయాల్సి వచ్చింది. భూమి, శని ఒకే వరుసకి దగ్గరగా వచ్చిన రోజుల్లోనే ఆ అంచనా నమ్మదగ్గది. డేటా తక్కువని విసుక్కోకుండా, ఉన్నదాంట్లో నమ్మదగ్గది ఏరుకుని పని చేసిన తీరు నాకు చాలా నచ్చింది.

ఫలితం ఏమిటంటే, ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత పెరుగుదల వచ్చే ప్రోటాన్ గతిశక్తితో పాటే పెరుగుతోంది, అందులో 3 నుంచి 7 శాతం దాకా ఉంటోంది. తోకచుక్క గారూ, మీ 835కి ఈ శాతం పెట్టి చూడండి. 25 నుంచి 58. మీకు పెరిగింది 38. వేరే గ్రహం, వేరే దూరం, అయినా అదే పరిధిలోకి వచ్చింది.

ఇంతకంటే నన్ను ఆకట్టుకున్నది రెండో భాగం. మాక్ సంఖ్య పెరిగేకొద్దీ ఆ శాతం తగ్గుతోంది. మాక్ 150 దాకా ఆ తగ్గుదల కొనసాగింది. అంటే షాక్ ఎంత గట్టిదైతే ఎలక్ట్రాన్ల వాటా అంత చిన్నది. సూపర్‌నోవా అవశేషాల దగ్గర షాక్ వేగాలు సెకనుకి వేల కిలోమీటర్లు, అక్కడా నెమ్మదైన షాక్‌లలో ఎలక్ట్రాన్, ప్రోటాన్ ఉష్ణోగ్రతలు దగ్గర దగ్గరగా ఉంటాయి, 2000 దాటిన వాటిలో ఎలక్ట్రాన్లు పదో వంతు దగ్గరికి పడిపోతాయి. అక్కడికి ఏ నౌకా వెళ్లలేదు, హైడ్రోజన్ కాంతి రేఖల వెడల్పు చూసి లెక్కగడతారు. మనం పరికరం పెట్టి స్వయంగా కొలవగలిగిన షాక్‌లలో వాటికి అత్యంత దగ్గరిది శనిదే. గ్రహాల షాక్‌లు ఎందుకు చదవాలి అని ఎవరైనా అడిగితే నేను ముందు ఇదే చెబుతాను.

ఒక జాగ్రత్త. ఇదంతా మామూలు ఎలక్ట్రాన్ల వేడి గురించి. కొద్దిపాటి ఎలక్ట్రాన్లు అమాంతం కాంతి వేగానికి దగ్గరగా పోవడం వేరే కథ. 2007 ఫిబ్రవరి 3న శని షాక్ దగ్గర కాసినీ అది కూడా చూసింది. వాటా తగ్గుతోంది కదా అని ఎలక్ట్రాన్లకి ఏమీ దక్కడం లేదని అనుకోకండి. సగటు ఒకటి చెబుతుంది, తోక ఇంకోటి చెబుతుంది.

---

తోకచుక్క:

విస్లర్ గారూ, శనివలయం గారూ, చాలా చాలా ధన్యవాదాలు. ఫ్లాట్ టాప్ వేసి చూశాను! షాక్ దాటాక చదును స్పష్టంగా ఉంది, అంచు దాదాపు 70 దగ్గర పడుతోంది. పొర మధ్యలో పుంజం కూడా ఒక పక్కన కనబడింది. చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

రెండు సందేహాలు. ఒకటి, షాక్ ముందు పంపిణీలో పది వోల్టుల కింద ఉన్నట్టుండి గీత పైకి లేస్తోంది. ఇది నిజమైన చల్లటి ఎలక్ట్రాన్లా? రెండు, సౌర పవనంలో అయాన్ ఉష్ణోగ్రత ఎంఎంఎస్‌లో చాలా ఎక్కువగా చూపిస్తోంది, పుస్తకాల్లో పది వోల్టులు అని ఉంటే నాకు దానికి కొన్ని రెట్లు వస్తోంది.

---

విస్లర్:

రెండూ పరికరం సంగతులే, భౌతికశాస్త్రం కాదు. ఈ రెండూ తెలియకుండా ఎవరూ షాక్ పేపర్ రాయకూడదు అంటాను.

మొదటిది, ఉపగ్రహం ఒంటి మీంచి వచ్చిన ఫోటోఎలక్ట్రాన్లు. సూర్యకాంతి పడ్డ లోహం ఎలక్ట్రాన్లని వదులుతుంది, ఉపగ్రహం కొన్ని వోల్టులు ధనావేశం తెచ్చుకుంటుంది, వదిలిన వాటిలో చాలావాటిని మళ్లీ తనే లాక్కుంటుంది. అవే మీ పరికరంలో పడి గీత లేస్తోంది. ఎంఎంఎస్‌లో అయాన్లు వదిలే పరికరం పెట్టి ఆ పొటెన్షియల్‌ని తగ్గించారు గానీ పూర్తిగా పోదు. ఉపగ్రహ పొటెన్షియల్ డేటా విడిగా దొరుకుతుంది. దానికంటే తక్కువ శక్తి ఉన్నవన్నీ కొట్టేయండి, మిగతా శక్తుల్లోంచి అంతే తీసేయండి. అది చేయకపోతే ముందు వైపు ఉష్ణోగ్రత తప్పు వస్తుంది. మీ పెరుగుదల అంతా దాని మీదే ఆధారపడి ఉంది కదా.

రెండోది, సౌర పవనం అయాన్ పుంజం చాలా సన్నగా ఉంటుంది, ఒకే దిక్కు నుంచి సూటిగా వస్తుంది. ఎంఎంఎస్ అయాన్ పరికరాన్ని మాగ్నెటోస్ఫియర్‌లో అన్ని దిక్కులా విస్తరించిన వేడి ప్లాస్మా కోసం తయారుచేశారు. దాని శక్తి, కోణాల గళ్లు ఈ సన్నటి పుంజానికి పెద్దవి. అందుకే ఉష్ణోగ్రత ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. షాక్ ముందు అయాన్ విలువలకి భూమికి ముందు, సూర్యుడి వైపున్న ఎల్1 బిందువు దగ్గరి విండ్ లాంటి నౌకల డేటా తీసుకోండి, భూమి దాకా వచ్చే సమయం సరిచేసి ఇచ్చిన ఓమ్నీ డేటా కూడా దొరుకుతుంది. ఎలక్ట్రాన్లకి ఈ ఇబ్బంది లేదు, వాటి పంపిణీ ముందే వెడల్పుగా ఉంటుంది.

మీ 70 అంచు గురించి. దాన్ని నేరుగా పొటెన్షియల్ అనకండి, ముందు ఉపగ్రహ పొటెన్షియల్ తీసేయండి. తర్వాత అయస్కాంత రేఖ వెంట ఉన్న ముక్క, దానికి లంబంగా ఉన్న ముక్క విడివిడిగా వేయండి. షాక్‌లో క్షేత్రం పెరిగేకొద్దీ అయస్కాంత మొమెంట్ (లంబ శక్తికీ క్షేత్రానికీ నిష్పత్తి) నిలబడాలి కాబట్టి లంబ శక్తి పెరుగుతుంది, ఆ మేరకు రేఖ వెంట ఉన్న శక్తి తగ్గుతుంది. రెండు ముక్కల అంచులూ ఒకే చోట పడితే తరంగాలు దిశల్ని బాగా కలిపేశాయని అర్థం. వేరువేరు చోట్ల పడితే ఇంకా కలుపుతున్నాయని అర్థం. పొర మొదట్లో, మధ్యలో, దాటాక, మూడు చోట్లా వేస్తే అది ఎక్కడ మారుతోందో దొరుకుతుంది. మీ ప్రాజెక్టుకి అదొక్క బొమ్మ చాలు.

---

ఎర్రగ్రహం:

కొంచెం పక్కకి జరిగినా ఒక్క మాట. అంగారకుడి దగ్గరికి 2014లో నాసా నౌక మావెన్ చేరింది, అక్కడి బో షాక్ డేటా కూడా అందరికీ దొరుకుతుంది. అది చాలా చిన్న షాక్. 3 నానోటెస్లా క్షేత్రంలో ప్రోటాన్ చుట్టు వ్యాసార్ధం 1400 కిలోమీటర్ల దాకా వస్తుంది, గ్రహం వ్యాసార్ధమే 3390. అంటే అయాన్లకి పూర్తిగా సర్దుకోవడానికి చోటే చాలదు. ఎలక్ట్రాన్ల చుట్టు అక్కడా కొద్ది కిలోమీటర్లే, వాటికి చోటు కొరత లేదు. మావెన్ డేటాలోనూ షాక్ వెనక ఫ్లాట్ టాప్ ఉంది. అయాన్లు సర్దుకోలేని చోట కూడా ఎలక్ట్రాన్లు తమ పని తాము చేసుకుపోతున్నాయంటే, విస్లర్ గారు చెప్పిన రెండు దారుల మాటకి ఇది మంచి పరీక్ష.

---

తోకచుక్క:

ఎర్రగ్రహం గారూ, అంగారకుడి మాట బాగుంది, గైడ్ గారితో చెబుతాను. విస్లర్ గారూ, చివరిగా ఒక్కటి. నా ఘట్టంలో అయస్కాంత క్షేత్రానికీ షాక్ నార్మల్‌కీ (షాక్ ముఖానికి లంబంగా ఉండే దిశ) మధ్య కోణం 80 పైన వస్తోంది. డీ హాఫ్‌మన్ టెల్లర్ ఫ్రేమ్ అప్పుడు కూడా పనికొస్తుందా?

---

విస్లర్:

80, 85 దాకా పనికొస్తుంది. ఆ ఫ్రేమ్ వేగం కోణం టాంజెంట్‌తో పెరుగుతుంది, 90కి దగ్గరయ్యేకొద్దీ హద్దు లేకుండా పోతుంది. 80 దగ్గర అది సౌర పవనం వేగానికి ఐదారు రెట్లు, 85 దగ్గర పదకొండు రెట్లు. ఎలక్ట్రాన్ ఉష్ణ వేగాన్ని మించిపోయాక ఆ ఫ్రేమ్‌లో పంపిణీ అంతా ఒక పక్కకి ఒరిగిపోయి, అయస్కాంత అద్దం ప్రభావం (బలపడే క్షేత్రం కణాల్ని వెనక్కి తిప్పడం) ఎక్కువై, చాలా ఎలక్ట్రాన్లు వెనక్కి మళ్లుతాయి. కోణంలో రెండు డిగ్రీల తేడా వచ్చినా జవాబు బాగా మారుతుంది. కాబట్టి ముందు షాక్ నార్మల్‌ని రెండు మూడు పద్ధతుల్లో తీయండి. నాలుగు ఉపగ్రహాల సమయాలతో ఒకటి, క్షేత్రం, వేగాల తేడాలతో ఇంకోటి, షాక్ ఆకారపు మోడల్‌తో ఇంకోటి. మూడూ ఐదు డిగ్రీల లోపల కలిస్తే ముందుకెళ్లండి. కలవకపోతే అరవై డెబ్భై మధ్య కోణం ఉన్న వేరే ఘట్టం ఎంచుకోవడం మేలు, డేటాకి కొదవ లేదు.